నాటో ప్రకటనను తెలుగులో చదవడం ఎలా: ‘మేం’, ‘మనం’, ‘వాళ్లు’

2008 ఏప్రిల్ 3 రాత్రి బుకారెస్ట్ నుంచి ఏజెన్సీ కాపీ వచ్చేసరికి మా పేజీ వదలడానికి అరగంట కూడా లేదు. అమెరికా, కెనడా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో శిఖరాగ్ర సదస్సు సంయుక్త ప్రకటన అది. ఉక్రెయిన్, జార్జియాల గురించి 23వ పేరాలో ఒక వాక్యం ఉంది: ఈ దేశాలు నాటో సభ్యులవుతాయని ఈరోజు అంగీకరించాం. నేను ‘ఉక్రెయిన్, జార్జియాలకు నాటో సభ్యత్వం’ అని హెడ్డింగ్ పెట్టి పేజీ పంపేశాను. ఆగస్టులో రష్యా సేనలు జార్జియాలోకి వచ్చాయి. తెనాలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు పత్రికకు కార్డు రాశారు. ‘సభ్యత్వం ఇచ్చారని మీ పేపర్లోనే చదివాను. ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అని కూడా మీరే రాశారు. మరి నాటో సైన్యం ఏది?’

ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ‘అవుతాయి’ అన్న మాటను నేను ‘అయ్యాయి’ అని చదివాను. ఎప్పుడు అవుతాయో, ఎవరు చేర్చుకుంటారో ఆ వాక్యంలో లేదన్న సంగతి నాకు తట్టలేదు. అప్పటికి ఐదేళ్లుగా హైదరాబాద్‌లో ఒక దినపత్రిక అంతర్జాతీయ పేజీ చూస్తున్నాను. మిత్రదేశాలు తమ కూటమి గురించి మాట్లాడే భాష వేరని, దాన్ని విడిగా నేర్చుకోవాలని ఆ కార్డు వల్లే తెలిసింది. ఇప్పుడు డెస్క్‌లో కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పే పద్ధతి ఇది. పత్రికలో పనిచేయకపోయినా, యూరప్‌లో కొడుకో కూతురో ఉండి రాత్రి టీవీ ముందు కంగారుపడే వాళ్లకు కూడా పనికొస్తుంది.

ముందు ఒప్పందం చదవండి

నాయకుల ఉపన్యాసాలతో మొదలుపెట్టవద్దు. 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు సంతకం చేసి నాటోను పుట్టించిన ఒప్పందంలో ఉన్నవి 14 అధికరణాలే. ప్రింటు తీస్తే రెండు మూడు కాగితాలు. మా డెస్క్‌లో కంప్యూటర్ పక్కన గోడకు అంటించి ఉంటుంది.

అందరూ చెప్పేది 5వ అధికరణం. అందులో సగమే అందరికీ తెలుసు: యూరప్‌లోగానీ ఉత్తర అమెరికాలోగానీ తమలో ఒకరి మీద సాయుధ దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే. రెండో సగం ఎవరూ చెప్పరు. దాడికి గురైన దేశానికి మిగతా ప్రతి దేశం, సాయుధ బలప్రయోగంతో సహా ‘తనకు అవసరమని తోచిన చర్య’ వెంటనే తీసుకుని సాయపడుతుంది. తనకు తోచిన చర్య అన్న మాట కింద గీత గీసుకోండి. సైన్యం పంపడం అందులో ఒకటి. పంపి తీరాలని లేదు.

ఆ మాట పొరపాటున పడింది కాదు. అంతకు ఏడాది ముందు, 1948లో బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ బ్రస్సెల్స్‌లో ఒప్పందం చేసుకున్నప్పుడు, తమ శక్తిలో ఉన్న సైనిక సాయం అంతా చేస్తామని రాసుకున్నాయి. వాషింగ్టన్ ఒప్పందంలోనూ అంత గట్టి మాటే ఉండాలని యూరప్ వాళ్లు కోరుకున్నారు. అమెరికా సెనేటర్లు ఒప్పుకోలేదు. యుద్ధం ప్రకటించే అధికారం తమ కాంగ్రెస్‌ది, దాన్ని ఒక ఒప్పందానికి అప్పగించలేమన్నారు. అందుకే 5వ అధికరణంలో ఆ మెత్తని మాట, 11వ అధికరణంలో ‘ఎవరి రాజ్యాంగ పద్ధతుల ప్రకారం వారు’ అన్న మాట వచ్చాయి. ఇప్పటికి 75 ఏళ్లు దాటినా కూటమి రాజకీయాల్లో సగం ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది. యూరప్ నాయకులు మొదటి సగాన్ని గట్టిగా చదువుతారు. అమెరికాలో కూటమి మీద విసుగున్న నాయకులు రెండో సగాన్ని గుర్తుచేస్తారు. ఇద్దరూ చదివేది ఒకే వాక్యం.

5వ అధికరణాన్ని ఇంతవరకు ఒక్కసారే వాడారు, అదీ అమెరికా కోసం. న్యూయార్క్, వాషింగ్టన్‌లపై దాడులు జరిగిన మర్నాడు, 2001 సెప్టెంబర్ 12న. కూటమిగా అప్పుడు చేసిన పనుల్లో ఒకటి, 7 అవాక్స్ నిఘా విమానాలను అమెరికా ఆకాశంలో గస్తీకి పంపడం. తనకు తోచిన చర్య అంటే ఒక్కోసారి ఇలా ఉంటుంది.

6వ అధికరణం హద్దులు చెబుతుంది. దీవుల విషయంలో, ఉత్తర అట్లాంటిక్‌లో కర్కటరేఖకు ఉత్తరాన ఉన్నవాటికే రక్షణ. 1982లో ఫాక్లాండ్స్‌ను అర్జెంటీనా ఆక్రమిస్తే అది బ్రిటన్ ఒంటరి యుద్ధమే అయింది. ఆ దీవులు దక్షిణాన ఉన్నాయి కాబట్టి 5వ అధికరణం మాటే రాలేదు.

ఇక 4వ అధికరణం. 2025 సెప్టెంబర్ 10న మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. వాళ్ల అబ్బాయి పోలండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ముందురోజు రాత్రి పోలండ్ గగనతలంలోకి రష్యా డ్రోన్లు వచ్చాయి.

‘ఒరేయ్ తమ్ముడూ, నాటో వాళ్లు నాలుగో ఆర్టికల్ పెట్టేశారట గదరా. యుద్ధం వచ్చేసినట్టేనా? పిల్లాణ్ణి వచ్చేయమననా?’

‘అక్కా, నాలుగంటే రండి, కూర్చుని మాట్లాడుకుందాం అని పిలవడం. నాకు ముప్పుందని ఏ ఒక్క దేశం అనుకున్నా అందరినీ పిలవచ్చు. యుద్ధం మాట అయిదులో ఉంది.’

‘మరి టీవీలో అట్లా అరుస్తున్నారు?’

2003లో టర్కీ, 2014లో పోలండ్, 2022 ఫిబ్రవరి 24న ఒకేసారి 8 దేశాలు ఇదే నాలుగును అడిగాయని చెప్పాను. కుదుటపడింది. వాళ్లబ్బాయి అక్కడే ఉన్నాడు.

ఒప్పందాన్ని వదిలేసి నాయకుల మాటలే పట్టుకుంటే ఏమవుతుందో మన పక్కనే ఉదాహరణ ఉంది. 1954లో మనీలాలో పుట్టిన ఆగ్నేయాసియా రక్షణ కూటమి సీటోలో పాకిస్తాన్ చేరింది. మా తరానికి ముందువాళ్లు దాన్నీ, పశ్చిమాసియా కూటమి సెంటోనూ కలిపి సీటో, సెంటో అని ఒక్క ఊపిరిలో అనేవారు. తమకు వర్తించేది కమ్యూనిస్టు దురాక్రమణ విషయంలోనే అని అమెరికా ఆ ఒప్పందంలోనే విడిగా రాయించుకుంది. 1965లో మనతో యుద్ధం వచ్చినప్పుడు సీటో కదలలేదు. అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది. పాకిస్తాన్‌లో ఎంతోమంది మోసపోయామనుకున్నారు. చదవవలసిన వాక్యం మాత్రం పదకొండేళ్లుగా వాళ్ల ముందే ఉంది.

మాట్లాడింది ఎవరు

‘నాటో హెచ్చరించింది’ అని రాసేముందు ఆగండి. నాటోగా మాట్లాడే హక్కున్నది ఉత్తర అట్లాంటిక్ మండలికి. ఇప్పుడు 32 సభ్యదేశాలు. వాటి ప్రతినిధులు బ్రస్సెల్స్‌లో కూర్చుని ఏకాభిప్రాయంతో నిర్ణయిస్తారు. ఓటింగ్ ఉండదు. లక్సెంబర్గ్ కాదంటే అమెరికా అవునన్నా ప్రకటన రాదు.

సెక్రటరీ జనరల్ ఆ ఇంటికి పెద్ద కాడు, ఆ ఇంటి మాట మోసేవాడు. 2025 జులైలో సెక్రటరీ జనరల్ మార్క్ రుట్టె వాషింగ్టన్‌లో అమెరికా సెనేటర్లను కలిశాక, రష్యాతో వ్యాపారం సాగితే బీజింగ్, ఢిల్లీ, బ్రెజిల్‌లకు గట్టి దెబ్బ తగలొచ్చని అన్నారు. ఆ రాత్రి మా దగ్గర తయారైన మొదటి హెడ్డింగ్ ‘భారత్‌కు నాటో హెచ్చరిక’. నేను మార్పించాను. ఆ దెబ్బ, అంటే సుంకాలు, వేస్తానన్నది అమెరికా అధ్యక్షుడు. నాటోకు ఎవరి మీదా ఆంక్షలు విధించే యంత్రాంగం లేదు. 32 దేశాలు కూర్చుని భారత్ గురించి ఏ తీర్మానమూ చేయలేదు. ‘భారత్‌పై సుంకాలు పడొచ్చన్న నాటో సారథి’ అని వెళ్లింది. మన విదేశాంగ శాఖ ద్వంద్వ ప్రమాణాలు పనికిరావని జవాబిచ్చింది. ఆ జవాబు కూడా వ్యక్తి అన్న మాటకే గానీ, కూటమి నిర్ణయానికి కాదు. ఈ తేడా చూపకపోతే మన పాఠకుడు లేని శత్రువును ఊహించుకుంటాడు.

కాబట్టి ప్రతి మాట పక్కనా మూడింట్లో ఒకటి రాసుకోండి: మండలి ప్రకటన, సెక్రటరీ జనరల్ మాట, ఒక దేశాధినేత మాట. ఆ దేశాధినేత మాటైతే ఏ ఊళ్లో, ఎవరి ముందు అన్నదీ రాసుకోండి. ఎన్నికల సభలో అన్నమాటకూ రష్యా పొరుగున ఉన్న తాలిన్‌లో అన్నమాటకూ తూకం వేరు.

మేమా, మనమా

ఈ పనిలో తెలుగువాళ్లకు ఒక వరం ఉంది. ఇంగ్లీషులో ‘వి’ (we) అని ఒకటే మాట. మనకు ‘మేం’ ఉంది, ‘మనం’ ఉంది. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, బయట నిలబెడితే మేం. ఇంగ్లీషు ప్రకటనను తెలుగులోకి తెచ్చేటప్పుడు ప్రతిచోటా ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోక తప్పదు. ఆ ఎంపిక దగ్గర ఆగి ఆలోచిస్తే కూటమి లోపలి సంగతి బయటపడుతుంది.

2014 సెప్టెంబర్ 3న బరాక్ ఒబామా ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో మాట్లాడారు. రష్యా క్రిమియాను కలుపుకుని ఆరు నెలలు కావస్తోంది. బాల్టిక్ దేశాల రాజధానులు తాలిన్, రిగా, విల్నియస్‌ల రక్షణ బెర్లిన్, పారిస్, లండన్‌ల రక్షణంత ముఖ్యమే అన్నారు. మీరు ఒకసారి స్వాతంత్ర్యం పోగొట్టుకున్నారు, నాటో ఉండగా ఇంకెప్పుడూ పోగొట్టుకోరు అన్నారు. ఆ ప్రసంగాన్ని తెలుగు చేస్తే ‘మనం’ దానంతటదే వస్తుంది.

2017 మే 25న బ్రస్సెల్స్‌లో నాటో కొత్త భవనం ముందు డొనాల్డ్ ట్రంప్ మాట్లాడారు. పక్కనే 5వ అధికరణానికి గుర్తుగా న్యూయార్క్ జంట భవనాల ఉక్కు ముక్క ఉంది. 28 సభ్యదేశాల్లో 23 తాము పెట్టాల్సినంత పెట్టడం లేదని, చాలా దేశాలు గత ఏళ్లకు పెద్ద మొత్తాలు బాకీ ఉన్నాయని అన్నారు. 5వ అధికరణానికి కట్టుబడతానన్న మాట మాత్రం రాలేదు. రెండు వారాల తర్వాత, జూన్ 9న, రుమేనియా అధ్యక్షుడి పక్కన నిలబడి అన్నారు. మే నాటి ప్రసంగాన్ని తెలుగు చేస్తున్నప్పుడు నాకు ‘మనం’ ఎక్కడా కుదరలేదు. అన్నిచోట్లా ‘వాళ్లు’. ఇది వ్యక్తి మీద నా తీర్పు కాదు. ఈ ధోరణి కొత్తదీ కాదు. 1971లోనే సెనేటర్ మైక్ మాన్స్‌ఫీల్డ్ యూరప్‌లోని అమెరికా సైన్యాన్ని సగానికి తగ్గించాలని సవరణ తెస్తే సెనేట్‌లో 36 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా 61.

ఆ ‘బాకీ’ అన్న మాట దగ్గర తెలుగు పత్రికలన్నీ జారిపడ్డాయి, మాతో సహా. ‘నాటోకు బకాయిలు’ అని రాశాం. ఆ మాటకు ఆధారమైన 2 శాతం లెక్క నాటోకు కట్టే చందా కాదు. ఒక్కో దేశం తన సైన్యం మీద తాను పెట్టుకునే ఖర్చు జీడీపీలో ఎంత అన్నది. కూటమికి ఉమ్మడి బడ్జెట్ విడిగా ఉంది, అది చిన్నది. నాయకుడు బాకీ అంటే ఆయన మాటగా కోట్ చేయండి, మన వాక్యంలోకి తీసుకోవద్దు.

2025 జూన్ 25 నాటి హేగ్ ప్రకటన చూడండి. మొత్తం ఐదు పేరాలు. మొదటి పేరాలో ‘మేం’: 5వ అధికరణానికి ఉక్కులాంటి కట్టుబాటును పునరుద్ఘాటిస్తున్నాం. రెండో పేరాకు వచ్చేసరికి కర్త మారింది. ‘సభ్యదేశాలు’ 2035 నాటికి ఏటా జీడీపీలో 5 శాతం ఖర్చుచేయడానికి కట్టుబడుతున్నాయి. ముందు ముసాయిదాలో అక్కడా ‘మేం’ ఉండేదని వార్తా సంస్థలు రాశాయి. ఎందుకు మారిందంటే స్పెయిన్ ప్రధాని పెడ్రో సాంచెజ్ తమకు 2.1 శాతం చాలన్నారు. ‘మేం’ అంటే ప్రతి ఒక్కరూ అని అర్థం. ‘సభ్యదేశాలు’ అంటే అందరూ కావచ్చు, కాకపోవచ్చు. ఒక్క సర్వనామం మార్చి పాము చావకుండా, కర్ర విరగకుండా 32 దేశాల ఒప్పుకోలు తెచ్చారు. ఇలాంటి చోట తెలుగులో ‘అన్ని సభ్యదేశాలూ’ అని రాస్తే తప్పు. ఆ ‘అన్ని’ మూలంలో లేదు.

అదే సదస్సుకు వస్తూ విమానంలో ట్రంప్ 5వ అధికరణానికి చాలా నిర్వచనాలున్నాయని అన్నారు. మర్నాడు ఉక్కులాంటి కట్టుబాటు ప్రకటనకు ఆయన దేశమూ సరేనంది. ఏది నిజం అని కొత్త సబ్ ఎడిటర్ ఒకరు అడిగారు. రెండూ అన్నమాటలే. రెండూ రాయాలి, ఏది ఎక్కడ అన్నదో చెప్పి రాయాలి.

క్రియను తూకం వేయండి

తెలుగులో క్రియ చివర వస్తుంది. ఇంగ్లీషు వాక్యంలో మధ్యలో దాక్కునే మెత్తదనం మన వాక్యంలో చివరికి వచ్చి బయటపడుతుంది. అందుకే వాక్యాన్ని పూర్తిగా తెలుగు చేసి చూడమంటాను, అర్థమైంది కదా అని సారాంశం రాసేయవద్దంటాను.

2014 సెప్టెంబర్‌లో వేల్స్ సదస్సు. పత్రికల్లో వచ్చింది ‘జీడీపీలో 2 శాతం ఖర్చుకు నాటో అంగీకారం’. ప్రకటనలో ఉన్నది: అంతకన్నా తక్కువ పెడుతున్న దేశాలు పదేళ్లలో 2 శాతం మార్గదర్శకం దిశగా కదలాలన్న లక్ష్యం పెట్టుకుంటాయి. చేరుకుంటాం అనలేదు, కదులుతాం అని కూడా అనలేదు. దిశగా కదలాలన్న లక్ష్యం. క్రియ మీద మూడు దుప్పట్లు కప్పారు. ఆ ఏడాది 2 శాతం పెట్టినవి 3 దేశాలే. పదేళ్ల తర్వాత 2024లో నాటో అంచనా ప్రకారం 23. ఆ మెత్తని మాట పూర్తిగా వట్టిపోలేదు. అయితే కదిలించింది వేల్స్ వాక్యం కన్నా 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దాడి అని నా నమ్మకం. 2023లో విల్నియస్‌లో ‘కనీసం 2 శాతం’ అన్నారు. దుప్పట్లు తీసేశారు.

ఉక్రెయిన్ సభ్యత్వం మాట అదే తీరున చూడండి. 2008లో ‘సభ్యులవుతాయి’. జార్జ్ బుష్ సభ్యత్వ కార్యాచరణ ప్రణాళిక ఇద్దామన్నారు. జర్మనీ, ఫ్రాన్స్ వద్దన్నాయి. ప్రణాళిక ఇవ్వకుండా, తేదీ చెప్పకుండా, భవిష్యత్తులో అవుతారన్న మాట మాత్రం ఇచ్చారు. మాట గట్టిది, దారి లేదు. 2023లో విల్నియస్‌లో: సభ్యదేశాలు అంగీకరించి, షరతులు నెరవేరినప్పుడు ఉక్రెయిన్‌కు ఆహ్వానం ఇవ్వగలిగే స్థితిలో ఉంటాం. ఆహ్వానిస్తాం కాదు, ఆహ్వానించగలిగే స్థితిలో ఉంటాం. ముహూర్తం వేయని శుభలేఖ. జెలెన్‌స్కీ ఆ రోజు బహిరంగంగా కోపగించుకున్నది ఆ లేని ముహూర్తం గురించే. 2024 వాషింగ్టన్‌లో ‘వెనక్కి మళ్లని దారి’ అన్నారు. 2025 హేగ్‌లో సభ్యత్వం మాటే లేదు. సాయం గురించి ఒక పేరా ఉంది. దానికీ కర్త ‘సభ్యదేశాలు’, విశేషణం ‘సార్వభౌమ’. ఎవరి ఇష్టం వారిదని అర్థం.

ఇంట్లోవాళ్లు వింటున్నారు

విదేశాంగ వార్త అనుకుంటాం గానీ, కూటమి గురించి నాయకులు అన్నమాటల్లో ఎక్కువభాగం సొంత ఓటర్ల కోసం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ స్పెయిన్. 1982 మేలో అప్పటి ప్రభుత్వం దేశాన్ని నాటోలో చేర్చింది. ప్రతిపక్షంలో ఉన్న సోషలిస్టులు వ్యతిరేకించారు, ప్రజాభిప్రాయ సేకరణ పెడతామన్నారు, ఆ ఏడాదే గెలిచారు. గెలిచాక వాళ్ల ప్రధాని ఫెలిపె గొంజాలెజ్ ఉండిపోవడమే మేలనుకున్నారు. 1986 మార్చి 12న ప్రజలను అడిగారు. బ్యాలెట్ ప్రశ్నలో ‘నాటో’ అన్న మాట లేదు! ‘ప్రభుత్వం అంగీకరించిన షరతులపై అట్లాంటిక్ కూటమిలో కొనసాగడం మంచిదేనా’ అని ఉంది. షరతులు మూడు: ఉమ్మడి సైనిక వ్యవస్థలో చేరం, అణ్వస్త్రాలు రానివ్వం, అమెరికా సైన్యాన్ని క్రమంగా తగ్గిస్తాం. ఏళ్లతరబడి ఊరేగింపుల్లో తిట్టిన పేరును వదిలి, అదే కూటమికి ఉన్న మెత్తని పేరు పెట్టారు. అవును అన్నవారే ఎక్కువయ్యారు. హేగ్‌లో సాంచెజ్ మాట్లాడినప్పుడు నాకు ఆ బ్యాలెట్ పత్రమే గుర్తొచ్చింది. అక్కడ ఎడమపక్షం ప్రధాని బ్రస్సెల్స్‌లో ఏం ఒప్పుకున్నా, మాడ్రిడ్‌లో ‘మన షరతులపై’ అని చెప్పుకోవాలి.

డెన్మార్క్ ఇంకో దారి పట్టింది. 1982లో ప్రధాని అయిన పౌల్ ష్లూటర్ మైనారిటీ ప్రభుత్వం నడిపారు. అణు క్షిపణుల విషయంలో 1988 దాకా పార్లమెంటులోని మెజారిటీ ఆయన మాట వినలేదు. నాటో ప్రకటనల కింద డెన్మార్క్‌కు భిన్నాభిప్రాయం ఉందని పాదసూచికలు పెట్టించింది. వాళ్ల రాజకీయ చరిత్రలో దాని పేరే పాదసూచికల విధానం. అందుకే పాత ప్రకటన ఏది చదివినా కింద చిన్న అక్షరాలు ముందు చూడండి.

ఫిన్లండ్‌లో దశాబ్దాలపాటు ‘నాటో అవకాశం’ అన్న మాట నడిచింది. చేరం, కానీ చేరే తలుపు మూయం. 2022 మేలో ఆ తలుపు తీశారు. రష్యాకు ఏం చెబుతారని అడిగితే అధ్యక్షుడు సౌలి నీనిస్తో ‘దీనికి కారణం మీరే, అద్దంలో చూసుకోండి’ అన్నారు. మెత్తగా మాట్లాడే దేశం ఒక్కసారిగా గట్టిగా మాట్లాడితే దాన్ని సింగిల్ కాలమ్‌లో పెట్టవద్దు.

మౌనం

మనం మౌనం అర్ధాంగీకారం అంటాం. నాటోలో మౌనం పూర్తి అంగీకారం. ముసాయిదాను అన్ని రాజధానులకూ పంపి గడువు పెడతారు. ఆ లోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆమోదం పొందినట్టే. అభ్యంతరం చెబితే మౌనం భంగం చేశారంటారు. నేను డెస్క్‌లో చేరిన కొత్తలో, 2003 ఫిబ్రవరి 10న, ఈ మాట మొదటిసారి చూశాను. ఇరాక్ యుద్ధం ముంచుకొస్తోంది. టర్కీ రక్షణకు ముందస్తు ప్రణాళిక వేయాలన్న ప్రతిపాదనపై ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీ మౌనం వీడాయి. టర్కీ అదేరోజు 4వ అధికరణం ఎత్తింది. ఆరు రోజుల తర్వాత దారి దొరికింది: విషయాన్ని రక్షణ ప్రణాళికా సంఘానికి మార్చారు. 1966లో సైనిక వ్యవస్థ నుంచి తప్పుకున్న ఫ్రాన్స్ ఆ సంఘంలో లేదు. అప్పటి మా చీఫ్ సబ్ నా అనువాదంలో ‘నిశ్శబ్దాన్ని ఛేదించాయి’ అన్నదాన్ని కొట్టేసి ‘అభ్యంతరం చెప్పాయి’ అని రాశారు. నేటికీ అదే వాడతాను.

ఇలా పుట్టే ప్రకటనలో ప్రతి మాటా బేరమాడి పెట్టింది. కాబట్టి అందులో లేని మాట కూడా బేరమే. గత ప్రకటనను పక్కన పెట్టుకుని చదవడం అందుకే. చైనా సంగతి చూడండి. 2019 లండన్‌లో అవకాశాలూ సవాళ్లూ అన్నారు. 2021 బ్రస్సెల్స్‌లో అంతర్జాతీయ వ్యవస్థకే సవాళ్లు అన్నారు. 2024 వాషింగ్టన్‌లో రష్యా యుద్ధానికి చైనా నిర్ణాయకమైన ఊతం అయిందన్నారు. 2025 హేగ్‌లో చైనా పేరే లేదు. ఆ రాత్రి నేను పెట్టించిన బాక్స్ ఐటమ్ ‘ఈసారి కనిపించని మాటలు’ అని. మూడు పంక్తులు, అంతే.

కొన్ని మాటలకు తెలుగు

‘360 డిగ్రీల దృష్టి’ అని వస్తే ఇటలీ, స్పెయిన్, టర్కీల గొంతు విన్నట్టు. రష్యా ఒక్కటే కాదు, మధ్యధరా, ఉగ్రవాదం, వలసలు కూడా చూడండి అంటున్నారు. ‘భారం పంచుకోవడం’ అని వస్తే మాట వాషింగ్టన్‌ది. ‘వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి’ వస్తే ఎక్కువగా పారిస్. ‘ప్రతి అంగుళం’ అని వస్తే తూర్పు సరిహద్దు దేశాలకు ధైర్యం చెబుతున్నట్టు. అది లోపల ఉన్నవాళ్లకు మాటిస్తుంది, బయట ఉన్న ఉక్రెయిన్‌కు ఇవ్వదు. ‘నాటో సైన్యం’ అని రాయవద్దు. నాటోకు ఉమ్మడి కమాండ్, సిబ్బంది, కొన్ని విమానాలు ఉన్నాయి. సైనికులు మాత్రం ఏ దేశానికి ఆ దేశం వాళ్లే. తెనాలి మాస్టారి ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

సదస్సు రాత్రి నేను చేసేది ఇంతే. ప్రకటన రాగానే పేరాలు లెక్కపెడతాను. విల్నియస్‌లో 90, హేగ్‌లో 5. చిన్నదైతే విభేదాలు దాటవేశారేమో చూస్తాను. పెద్దదైతే ఎవరికి ఏ పేరా దక్కిందో వెతుకుతాను. ఎర్ర పెన్నుతో కర్తల చుట్టూ సున్నాలు, నీలం పెన్నుతో క్రియల కింద గీతలు. గత ఏడాది ప్రింటు పక్కన పెట్టి, పోయిన మాటలు మార్జిన్‌లో రాస్తాను. ఆ తర్వాతే హెడ్డింగ్. హెడ్డింగ్‌లో క్రియ పట్టకపోతే అక్షరాల పాయింటు తగ్గిస్తాను గానీ ‘అవుతాయి’ని ‘అయ్యాయి’ చేయను.

మాస్టారికి అప్పట్లో జవాబు రాశాను. జార్జియా సభ్యదేశం కాదని, ఏప్రిల్‌లో మేం రాసిన హెడ్డింగ్ తప్పని, ఆ 23వ పేరా మొత్తాన్ని తెలుగు చేసి కార్డులో పట్టక ఇన్‌లాండ్ లెటర్‌లో పంపాను. పది రోజులకు మళ్లీ కార్డు వచ్చింది. ‘అందింది. అవుతారు అన్నారే గానీ ఎవరు చేర్చుకుంటారో చెప్పలేదు, గమనించారా?’ అని ఉంది.